బాణం చూశా, అంకె చూడలేదు: ఫ్యూజ్ తిప్పితే సౌండ్ మారుతుందా?

ముందే చెప్పేస్తున్నా. యాంప్లిఫయర్‌లో ఫ్యూజ్‌ని ఇటు పెట్టినా, తిప్పి అటు పెట్టినా సౌండ్ మారదు. ఇంతోటి దానికి ఇంత పొడుగు ఆర్టికల్ ఎందుకంటే, మొదటిసారి తిప్పినప్పుడు నాకు తేడా వినిపించింది. ఊరికే చెప్పడం లేదు, నిజంగానే వినిపించింది. ఈసీఈలో బీటెక్ చేసి, మా క్లాసులో సగం మందిలాగే సాఫ్ట్‌వేర్‌లో పడ్డాను. అయినా ఓమ్ నియమం ఇంకా మర్చిపోలేదు. అంత తెలిసీ మూడు వారాలు నమ్మాను. ఆ మూడు వారాల్లోనే ఇంకో పొరపాటు కూడా చేశాను. అది సౌండ్‌కి సంబంధించింది కాదు. అసలు దాని కోసమే ఇది రాస్తున్నా.

సంక్రాంతికి డాలస్ నుంచి మా పెద్దనాన్న కొడుకు వచ్చాడు. హోమ్ ఆడియో పిచ్చిలో అన్నయ్య నాకంటే పదేళ్ళు సీనియర్. నా దగ్గరున్న సెకండ్ హ్యాండ్ ఇంటిగ్రేటెడ్ యాంప్లిఫయర్ కూడా ఆయన చెప్తేనే కొన్నా. అదే మోడల్ ఆయన ఇంట్లోనూ ఉంది. సూట్‌కేసులోంచి బాదంపప్పు, చాక్లెట్లు, అమ్మకి విటమిన్ మాత్రలు అన్నీ తీశాక, చివర్లో అగ్గిపెట్టె అంత డబ్బా ఒకటి నా చేతిలో పెట్టాడు. లోపల మెత్తటి గుడ్డలో ఒక ఫ్యూజ్.

"నూట యాభై డాలర్లురా, కింద పడెయ్యకు. దాని మీద బాణం ఉంది చూడు. అది గోడ వైపు నుంచి యాంప్ వైపుకి చూడాలి. తిప్పి పెట్టావనుకో, సౌండ్‌స్టేజ్ మొత్తం మూసుకుపోతుంది."

ఈ లోకంతో పరిచయం లేనివాళ్ళకి రెండు మాటలు. చాలా యాంప్లిఫయర్లకి వెనక పవర్ కేబుల్ పెట్టే సాకెట్ దగ్గరే ఒక బుల్లి అర ఉంటుంది. అందులో 20 మిల్లీమీటర్ల పొడవు, 5 మిల్లీమీటర్ల మందం ఉన్న గాజు గొట్టం ఉంటుంది. రెండు కొనలకీ లోహపు టోపీలు, మధ్యలో సన్నటి తీగ. ఉండాల్సినదానికంటే ఎక్కువ కరెంటు లాగితే ఆ తీగ కరిగి తెగిపోతుంది, పెట్టె బతుకుతుంది. మన పాత ఇళ్ళల్లో మీటరు పక్కన పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజులు ఉండేవి కదా, ఇదీ అదే పని. మామూలు ఫ్యూజు కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్తే చిల్లర డబ్బులకి దొరుకుతుంది. ఆడియో పేరుతో అమ్మేవాటిలో వెండి తీగ, బంగారు పూత, లోపల ఏదో పొడి, పైన ఒక బాణం ఉంటాయి. వెల ఎక్కడికో వెళ్ళిపోతుంది.

అన్నయ్య వెళ్ళిన రాత్రే కొండాపూర్‌లో నా రూముకి వచ్చి బిగించాను. ముందు బాణం సరిగ్గా, తర్వాత ఉల్టా, మళ్ళీ సరిగ్గా. ఇళయరాజా పాట ఒకటి, అందులో తబలా, వయొలిన్లు, బాలుగారి గొంతు. ఉల్టా పెట్టినప్పుడు వయొలిన్లు కొంచెం గరుగ్గా, గొంతు కొంచెం వెనక్కి వెళ్ళినట్టు. సరిగ్గా పెట్టగానే గదిలో గాలి ఆడినట్టు. వాట్సాప్‌లో అన్నయ్యకి "నిజమే అన్నయ్యా, తెర తీసినట్టుంది" అని పంపాను. ఆ మెసేజ్ ఇప్పటికీ ఉంది. అప్పుడప్పుడూ చూసుకుంటుంటా, సిగ్గు కోసం.

నిద్ర పట్టక లెక్క మొదలుపెట్టాను.

మన గోడలోంచి వచ్చేది ఏసీ. 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అంటే కరెంటు సెకనుకి వంద సార్లు దిశ మార్చుకుంటుంది. బాణం ఎటు చూస్తున్నా, సగం టైము కరెంటు బాణానికి ఎదురే వెళ్తుంది. ఒక్కసారి తిప్పి పెట్టడం అనే మాటకి ఇక్కడ అర్థమే లేదు, కరెంటే సెకనుకి వంద సార్లు తిరుగుతోంది. "కరెంటు గోడ నుంచి యాంప్‌లోకి ప్రవహిస్తుంది" అనేది నీళ్ళ పైపు ఊహ. శక్తి అటు నుంచి ఇటు వస్తుంది, నిజమే. ఎలక్ట్రాన్లు రావు. 0.2 మిల్లీమీటర్ల రాగి తీగలో అర ఆంపియర్ ఏసీ పోతోందనుకోండి. ఇంటర్లో చేసిన డ్రిఫ్ట్ వెలాసిటీ లెక్కే వేస్తే, ఒక్కో ఎలక్ట్రాను అటూ ఇటూ కదిలే దూరం మిల్లీమీటరులో సుమారు నూరో వంతు. ఫ్యూజు పొడవు 20 మిల్లీమీటర్లు. ఈ కొన దగ్గరున్న ఎలక్ట్రాను ఆ కొనని ఎప్పటికీ చూడదు. ఉన్నచోటే ఉయ్యాల ఊగుతూ ఉంటుంది.

బాణం బ్యాచ్ దీనికి ఇచ్చే జవాబు నాకు తెలుసు, ఎందుకంటే ఆ రాత్రి నాకు నేనే ఇచ్చుకున్నా. తీగని అచ్చులోంచి లాగి సాగదీస్తారు కదా, అప్పుడు లోహంలోని స్ఫటికాలు ఒక వైపుకి వాలుతాయి, అందుకే ఒక దిశలో కరెంటు సాఫీగా పోతుంది అంటారు. వినడానికి బాగుంది. కానీ తీగ ఒక వైపు బాగా, ఇంకో వైపు తక్కువగా వాహకంగా ఉంటే దానికి మన సిలబస్‌లో ఒక పేరుంది: డయోడ్. ఏసీ లైన్లో డయోడ్ లాంటిది కొంచెమైనా ఉంటే రెండు అర్ధభాగాలూ సమానంగా రావు, ఆ తేడా డీసీగా మిగులుతుంది. నా యాంప్‌లో ఉన్నది టొరాయిడల్ ట్రాన్స్‌ఫార్మర్. ఆ రకానికి మెయిన్స్‌లో కొంచెం డీసీ కలిసినా పడదు, గుర్ర్ మని మూలుగుతుంది. ఫ్యూజు తిప్పితే ఆ మూలుగు మారాలి. మారలేదు, చెవి పెట్టె మీద ఆనించి విన్నా. పైగా తీగలో రేణువులు ఎలా వాలినా, వాటి సరిహద్దులు అటు వెళ్ళే ఎలక్ట్రానుని ఎంత అడ్డుకుంటాయో ఇటు వచ్చేదాన్నీ అంతే అడ్డుకుంటాయి. ఒక రెసిస్టర్‌ని బోర్డు మీద ఏ వైపు తిప్పి సోల్డర్ చేసినా సర్క్యూట్ పని చేయడం మనం ల్యాబులో చూసిందే.

ఇంకోటి. 2013 డిసెంబర్ 31న రాయచూర్, షోలాపూర్‌ల మధ్య 765 కిలోవోల్టుల లైను ద్వారా దక్షిణ గ్రిడ్‌ని దేశంలో మిగతా గ్రిడ్‌తో కలిపారు. అప్పటి నుంచి మీ ఇంటి బల్బు, ఎక్కడో ఉత్తరాదిన తిరిగే టర్బైను ఒకే లయలో ఉన్నాయి. ఆ మధ్యలో వందల కిలోమీటర్ల అల్యూమినియం తీగ, సబ్‌స్టేషన్లు, మీ వీధి చివర స్తంభం మీద పక్షి గూడు పెట్టిన ట్రాన్స్‌ఫార్మర్, లైన్‌మన్ పళ్ళతో కొరికి చుట్టిన జాయింటు, అపార్ట్‌మెంటు బిల్డరు ఎంత తక్కువకి వస్తే అంతకి కొన్న వైరు ఉన్నాయి. వీటిలో వేటి మీదా బాణం లేదు. చివరి రెండు సెంటీమీటర్లకి మాత్రం ఉంది.

ఈ చివరి రెండు సెంటీమీటర్ల తర్వాత ఏం జరుగుతుందో కూడా చూద్దాం. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ తగ్గిస్తుంది. బ్రిడ్జ్ రెక్టిఫయర్ ఏసీని ఒకే దిశకి మడుస్తుంది. పెద్ద కెపాసిటర్లు దాన్ని నిల్వ చేస్తాయి. పాట ఆ నిల్వలోంచి వాడుకుంటుంది. ఆ కెపాసిటర్లు సెకనుకి వంద సార్లు, చిన్న చిన్న గుక్కల్లో నిండుతుంటాయి. మెయిన్స్ ఫ్యూజులోంచి పాట వెళ్ళదు. వెళ్ళేది ఈ గుక్కలే.

ఇంత లెక్క వేశాక కూడా పొద్దున్నే లేచి ఫ్యూజు మళ్ళీ తిప్పి విన్నా. తేడా వినిపించింది! లెక్క చెవికి ఎక్కదు. అదే ఇందులో నాకు నచ్చిన విషయం, భయపెట్టిన విషయం కూడా.

అలా మూడు వారాలు గడిచాయి. ఇక నా రూమ్మేట్ రంగంలోకి దిగాడు. వాడు ఒక కంపెనీలో టెస్టింగ్ టీమ్‌లో పని చేస్తాడు. డెవలపర్ "నా మెషీన్‌లో పని చేస్తోంది" అంటే నమ్మకపోవడమే వాడి ఉద్యోగం. "మామా, నువ్వే తిప్పి నువ్వే వింటే అది టెస్టు కాదు. నువ్వు హాల్లో కూర్చో, నేను తిప్పుతా" అన్నాడు.

పద్ధతి ఇదీ. ప్రతిసారీ స్విచ్ ఆపాలి, ప్లగ్ పీకాలి, రెండు నిమిషాలు ఆగాలి, అర బయటికి లాగాలి. వాడు నాణెం ఎగరేస్తాడు. బొమ్మ పడితే బాణం యాంప్ వైపు, బొరుసు పడితే గోడ వైపు. దిశ మారకపోయినా ఫ్యూజు బయటికి తీసి మళ్ళీ పెట్టాలి, చప్పుడుని బట్టి నేను కనిపెట్టకూడదని. వాల్యూమ్ నాబ్‌కి టేపు అంటించాం. వాడు పక్క గదిలోకి వెళ్ళాకే నేను వచ్చి అదే పాట వినాలి, వాడి మొహం చూడకూడదు. పదహారు సార్లు. ఒక్క రాత్రిలో అవ్వదు కాబట్టి ఎనిమిదేసి చొప్పున రెండు రాత్రులు.

పదహారు ఎందుకంటే, గుడ్డిగా ఊహించినా సగటున ఎనిమిది కరెక్ట్ అవుతాయి. పన్నెండు లేదా అంతకంటే ఎక్కువ గాలివాటంగా రావడానికి అవకాశం నూటికి నాలుగు లోపే. అందుకని పన్నెండు వస్తే నిజంగా వినిపిస్తోందని ఒప్పుకుందాం అనుకున్నాం.

నాకు తొమ్మిది వచ్చాయి.

అంతకంటే దెబ్బ కొట్టింది వేరే. అసలు టెస్టుకి ముందు "వార్మప్" అని వాడు ఒకసారి నా ఎదురుగానే ఉండి "ఇప్పుడు తిప్పా, విను" అన్నాడు. విన్నా. "చూశావా, బేస్ వదులైంది, గొంతు వెనక్కి పోయింది" అని రెండు నిమిషాలు వివరంగా చెప్పా. వాడు నోట్‌బుక్‌లో రాసుకుని, అప్పుడు చెప్పాడు, అసలు ముట్టుకోలేదని. ఆ క్షణం మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కానీ నేను అబద్ధం ఆడలేదు. నాకు బేస్ వదులుగానే వినిపించింది. ఇదే ఈ గొడవ మొత్తంలో రెండు పక్షాలూ మిస్సయ్యే పాయింటు. తేడా విన్నానన్నవాడు కథలు చెప్పడం లేదు. వాడి అనుభవం నిజం, దానికి కారణం ఫ్యూజు కాదు.

ఈ టెస్టుకి ఒక లోపం ఉంది, మీరు అడక్కముందే చెప్తా. ప్రతి మార్పుకీ మధ్య ఐదు నిమిషాలు పడుతుంది. సౌండ్‌లో చిన్న చిన్న వివరాలు మనకి కొన్ని సెకన్లే గుర్తుంటాయి. అంత గ్యాపులో నిజమైన చిన్న తేడా కూడా జారిపోవచ్చు. ఒప్పుకుంటా. కానీ మొదటి రాత్రి నేను "తెర తీసినట్టుంది" అన్నప్పుడూ గ్యాపు అంతే కదా? అప్పుడు గోడంత తేడా వినిపించి, బాణం ఎటుందో తెలియనప్పుడు మాయమైతే, వినిపించింది బాణం కాదు, బాణం గురించి నాకు తెలిసిన సంగతి.

చెవిని పక్కన పెట్టి కొలిచి కూడా చూశా. ఆఫీసులో ఒకతను పాడ్‌కాస్టుకి వాడే ఆడియో ఇంటర్‌ఫేస్ అడిగి తెచ్చి, హెడ్‌ఫోన్ అవుట్ నుంచి రెండు దిశల్లోనూ రికార్డు చేశా. రూమ్ ఈక్యూ విజార్డ్ ఫ్రీగా దొరుకుతుంది, అందులో గ్రాఫులు గీస్తే ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. గీతల్లో కొంచెం వణుకు ఉంది. ఆ వణుకు ఫ్యూజు కదపకుండా రెండుసార్లు రికార్డు చేసినా అంతే ఉంది. నాది ల్యాబు కాదు, అరువు తెచ్చిన డబ్బా. కానీ గొంతుని వెనక్కి నెట్టేంత తేడా ఉంటే ఆ డబ్బాకి కూడా దొరకాలి.

సరే, ఇప్పుడు అసలు విషయం.

రెండో రాత్రి, పదిహేనో సారో పదహారో సారో, వాడు పక్క గదిలోంచి అరిచాడు. "రేయ్, దీని మీద 5 అని ఉంది. డబ్బా వెనక 2.5 అని రాసుంది. పర్లేదా?"

లేచి వెళ్ళి చూశా. యాంప్ వెనక సాకెట్ పక్కన ఫ్యూజు వివరం స్పష్టంగా అచ్చేసి ఉంది. టీ, 2.5 ఆంపియర్లు, ఎల్, 250 వోల్టులు. అన్నయ్య ఇచ్చిన ఫ్యూజు టోపీ మీద టీ, 5 ఆంపియర్లు. బాణం పక్కనే, అదే టోపీ మీద. మూడు వారాలుగా రోజూ ఆ బాణాన్ని ఫోన్ టార్చి వేసి మరీ చూశాను. పక్కనున్న అంకెని ఒక్కసారీ చదవలేదు.

అన్నయ్య తప్పు కాదు. ఆయన తన మాన్యువల్ చూసే కొన్నాడు. అమెరికాలో మెయిన్స్ 120 వోల్టులు. అదే పవర్ లాగాలంటే మనకంటే దాదాపు రెట్టింపు కరెంటు కావాలి. అందుకే అదే మోడల్‌కి అక్కడ 5 ఆంపియర్ల ఫ్యూజు, ఇక్కడ 2.5. ఈసీఈ చదివినవాడికి చూడగానే తట్టాల్సిన విషయం. తట్టలేదు, ఎందుకంటే నేను ఆ ఫ్యూజుని ఫ్యూజులా చూడటం మానేశాను. నా కళ్ళకి అది ఒక ఆడియో పార్టు.

దీని వల్ల ఏమయ్యేదో లెక్క చూడండి. టీ అంటే టైమ్ ల్యాగ్, అంటే నిదానంగా తెగే రకం. స్విచ్ వేయగానే ట్రాన్స్‌ఫార్మరు, కెపాసిటర్లు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతాయి, దానికే తెగిపోకుండా. ఎఫ్ అని ఉంటే వెంటనే తెగే రకం. ఈ సైజు గాజు టైమ్ ల్యాగ్ ఫ్యూజులకి అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60127. దాని ప్రకారం రేటింగుకి 2.1 రెట్లు కరెంటు వస్తే రెండు నిమిషాల లోపు తెగిపోవాలి. ఒకటిన్నర రెట్లయితే కనీసం గంట తట్టుకోవాలి. నా యాంప్‌లో ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలు కొన్ని షార్టయ్యి 5.25 ఆంపియర్లు లాగుతోందనుకుందాం. సరైన ఫ్యూజు రెండు నిమిషాల్లో పని ముగిస్తుంది. 5 ఆంపియర్ల ఫ్యూజుకి అది మామూలు లోడు కిందే లెక్క, హాయిగా మోస్తుంది. 5.25 ని 230 తో గుణిస్తే 1200 వాట్లు. ఇస్త్రీ పెట్టె ఒకటి ఆన్ చేసి చెక్క స్టాండులో, కర్టెన్ పక్కన పెట్టినట్టు. గోడలో ఉన్న ఎంసీబీ పది, పదహారు ఆంపియర్ల దాకా పట్టించుకోదు. ఆ మూడు వారాల్లో నేను రెండుసార్లు యాంప్ ఆన్‌లోనే వదిలేసి ఆఫీసుకి వెళ్ళాను.

ఏమీ కాలేదు. యాంప్ బాగానే ఉంది. ఏదో అయ్యుంటే ఆర్టికల్ ఇంకా రక్తి కట్టేది కానీ, అవ్వలేదు.

అందుకే నా అభిప్రాయం కాస్త గట్టిగానే చెప్తున్నా. "దిశ మారిస్తే ఏం పోయింది, ఖర్చా పాడా, ఎవరి సరదా వాళ్ళది" అనే వాదన ఒకటుంది. తిప్పడం వరకు ఖర్చు లేదు, నిజమే. కానీ సౌండ్ కోసం ఫ్యూజు ఎంచుకోవడం మొదలుపెట్టాక ప్రశ్నలు మారిపోతాయి. వెండా, రాగా, బాణం ఎటు, ఎన్ని గంటలు బర్న్ ఇన్ చేయాలి. ఎన్ని ఆంపియర్లు, ఏ రకం, ఎంత పెద్ద షార్టుని ఆపగలదు అనేవి వెనక్కి పోతాయి. ఆ ఎల్ అక్షరం కూడా ఊరికే లేదు. ఎల్ అంటే 35 ఆంపియర్లు లేదా రేటింగుకి పది రెట్లు, ఏది ఎక్కువైతే అంతవరకే సురక్షితంగా ఆపగలదు. హెచ్ అని ఉంటే 1500 ఆంపియర్లు. ఎక్కువగా సిరామిక్ ఒంటితో, లోపల ఇసుకతో ఉంటుంది. కంపెనీ హెచ్ అడిగిన చోట ఎల్ పెట్టకూడదు. ఖరీదైన ఫ్యూజుని "స్విచ్ వేయగానే పోతోందా, ఒక సైజు పెద్దది వేసుకోండి" అని సలహా ఇచ్చే అమ్మకందార్లు కూడా ఉన్నారు. మన ఊళ్ళల్లో ఫ్యూజు పోతుంటే లావు రాగి తీగ చుట్టేవాళ్ళు చూడండి, సలహా అదే, డబ్బా మాత్రం వెల్వెట్‌ది.

ఫ్యూజు సౌండ్‌ని అసలు ఎక్కడా ముట్టదా అంటే, ముట్టే చోటు ఒకటుంది. కొన్ని పాత యాంప్లిఫయర్లలో స్పీకరుకి వెళ్ళే లైన్లోనే ఫ్యూజు ఉండేది. అక్కడ పాట నిజంగా ఆ తీగలోంచే వెళ్తుంది. బేస్ నోటు గట్టిగా మోగినప్పుడు తీగ ప్రతి అర్ధ చక్రంలోనూ వేడెక్కి చల్లారుతుంది, దాంతో పాటు దాని రెసిస్టెన్సూ ఊగుతుంది. ఆ ఊగుడు డిస్టార్షన్‌గా కొలతల్లో దొరుకుతుంది. పవర్ యాంప్లిఫయర్ల డిజైన్ మీద పుస్తకం రాసిన డగ్లస్ సెల్ఫ్ దీన్ని వివరంగా చర్చించాడు. అయితే అక్కడ కూడా తీగ వేడెక్కడం కరెంటు ఎటు వెళ్తుందన్నదాని మీద ఆధారపడదు. తిప్పి పెట్టినా అంతే డిస్టార్షన్. ఇప్పటి యాంపుల్లో స్పీకర్ లైనుకి ఎక్కువగా రిలేలే ఉంటున్నాయి కాబట్టి ఆ గొడవ కూడా పెద్దగా లేదు.

ఫ్యూజు బయటికి తీసి మళ్ళీ నొక్కితే క్లిప్పుల మీద ఏళ్ళుగా పట్టిన చిలుము కొంచెం గీరుకుపోయి కాంటాక్టు బాగుపడొచ్చు. అది మంచిదే, దిశతో పని లేదు. రెండు పిన్నుల ప్లగ్ తిప్పి పెడితే ట్రాన్స్‌ఫార్మర్‌లోంచి లీకయ్యే కొద్దిపాటి కరెంటు మారి, ఒక్కోసారి హమ్ తగ్గడమో పెరగడమో జరుగుతుంది. జర్మనీలో గోడ సాకెట్లకి ప్లగ్ ఎటైనా పెట్టొచ్చు, అక్కడ ఈ అనుభవం నిజం కావచ్చు. "తిప్పితే మారుతుంది" అనే నమ్మకం బహుశా అక్కడి నుంచే ఫ్యూజుకి పాకి ఉంటుందని నా ఊహ. మన మూడు పిన్నుల ప్లగ్ ఒకేలా దూరుతుంది. మన దగ్గర చూసుకోవాల్సింది వేరే. ఎలక్ట్రీషియన్ సాకెట్‌లో ఫేజు, న్యూట్రల్ తారుమారు చేస్తే ఫ్యూజు న్యూట్రల్ వైపు పడుతుంది. అప్పుడు ఫ్యూజు తెగినా పెట్టె లోపల ఫేజు బతికే ఉంటుంది. మీకు కావాల్సిన ఓరియెంటేషన్ చెకింగ్ ఇదే. టెస్టరుతో సాకెట్‌లో కుడి వైపు రంధ్రం వెలుగుతోందో లేదో చూడండి. ఎడమది వెలిగితే ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేయండి.

ఇక మనలాంటి రివ్యూలు రాసేవాళ్ళ సంగతి. ఇది రాయాలా వద్దా అని కాసేపు ఆలోచించా, కానీ రాయకపోతే పైదంతా దొంగ నీతి అవుతుంది. ఇక్కడే ఇయర్‌బడ్స్ రివ్యూల్లో నేను "వెచ్చని మిడ్స్", "గాలి ఆడే ట్రెబుల్" అని రాశాను. రాసేటప్పుడు ధర తెలుసు, బ్రాండ్ తెలుసు. రెండు ఇయర్‌బడ్స్ పోల్చినప్పుడు వాల్యూమ్ సమానం చేశానా? చాలాసార్లు చెయ్యలేదు. ఒకటి అర డెసిబెల్ ఎక్కువ మోగితే మనం "పెద్దగా ఉంది" అనం, "క్లియర్‌గా ఉంది" అంటాం. ఆ పదహారు సార్ల తర్వాత నుంచి వాల్యూమ్ కొలిచి సమానం చేయకుండా పోల్చడం మానేశా. పాత రివ్యూలు తీసెయ్యను, ఉండనివ్వండి.

నూట యాభై డాలర్లు చేతిలో ఉండి సౌండ్ మారాలనుంటే, ముందు పైసా ఖర్చు లేకుండా స్పీకర్లని గోడ నుంచి ఒక జాన దూరం జరిపి చూడండి. బేస్ మారడం మీకే కాదు, పక్క గదిలో ఉన్నవాళ్ళకీ వినిపిస్తుంది. ఒక మందపాటి తివాచీ, కిటికీకి బరువైన కర్టెన్, అప్పటికీ డబ్బు మిగిలితే స్పీకర్లు మార్చుకోండి.

మర్నాడు శనివారం గుజరాతీ గల్లీకి వెళ్ళా. కొట్టాయన "స్లోనా, ఫాస్టా? ఎన్ని ఆంపియర్లు?" అని అడిగాడు. నూట యాభై డాలర్ల డబ్బా ఇచ్చినప్పుడు ఎవరూ అడగని ప్రశ్న అది. టోపీ మీద రేటింగు, సర్టిఫికేషన్ గుర్తు రెండూ ఉన్నవి ఏరుకుని టీ 2.5 నాలుగు తెచ్చుకున్నా. బస్తాలోంచి తీసి గుప్పెట్లో పోసేవాటి మీద ఆ గుర్తులు ఉండవు, ఎంత చవకైనా అవి వద్దు.

అన్నయ్యకి ఫోన్ చేయడానికే వారం పట్టింది. గిఫ్ట్ ఇచ్చిన మనిషికి ఏమని చెప్తాం? తొమ్మిది మార్కుల సంగతి, అంకె సంగతి రెండూ చెప్పా. మొదటిదానికి నవ్వాడు. "నీ చెవులు ట్రైన్ అవ్వలేదురా" అన్నాడు. రెండోదానికి నవ్వలేదు. కాసేపు ఆగి, "మొన్న డాక్‌లో ఫ్యూజు పోతే, అమ్మినవాడు పెద్ద సైజు వేసుకోమన్నాడు. వేశాను" అన్నాడు.

"అన్నయ్యా, ఆ డాక్ ఎక్కడుంది?"

"పిల్లల గది పక్కన. రోజంతా ఆన్‌లోనే ఉంటుంది."

ఫోన్ పెట్టకముందే ప్లగ్ పీకించాను. రెండు రోజుల తర్వాత డాక్ వెనకున్న లేబుల్ ఫోటో, కొత్త ఫ్యూజు టోపీ ఫోటో పక్కపక్కన పెట్టి పంపాడు, అంకెలు రెండూ ఒకటే. యాంప్‌లో బాణం ఫ్యూజు మాత్రం తియ్యలేదు, తియ్యనన్నాడు. అక్కడ దాని రేటింగు కరెక్టే కాబట్టి నేనూ ఇంకేం అనలేదు.